పాట కింది గొంతు

శనివారం మధ్యాహ్నం, భోజనాల వేళ దాటింది. చౌడయ్య తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నాడు. విశ్వవిద్యాలయంలో పాత పాటలుండే నాదశాలలో అతను అటెండరు. ముప్పై నాలుగేళ్ళ కొలువులో ఒకే బల్లను ఒక పూటలో ఇన్నిసార్లు తుడిచిన రోజు లేదు.

గోడకున్న పలక మీద పచ్చదీపాలు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. ఒక్కో దీపం ఒక్కో విద్యార్థి. హాస్టల్ గదిలో పడుకునో, మెస్సు ముందు వరసలో నిలబడో ఫోన్లో ఒక పాట అడుగుతారు. అడిగిన మరుక్షణం ఇక్కడ గాజుపెట్టెలో సన్నటి వెలుగు కదిలి, చట్రానికి బిగించిన పాత దారాల మీద పాక్కుంటూ పోతుంది. అక్కడ వాళ్ళ చెవిలో పాట మోగుతుంది. ఆ చట్రాన్ని పిల్లలు మగ్గం అంటారు. అది నేసేదేమీ లేకపోయినా ఆ పేరే నిలిచిపోయింది.

"బాబాయ్, ఒక్క నిమిషం ఇటు వస్తారా?"

పిలిచింది సుప్రజ. వైదేహి మేడమ్ దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల. చెవుల మీదున్న హెడ్‌ఫోన్ ఒక పక్కకి జరిపి, కుర్చీలోనే గిర్రున తిరిగింది.

"మీ ఊటుపాలెం వాళ్ళ గొంతులు మీరు గుర్తుపడతారు కదా?"

"కొన్ని గుర్తుపడతా. ఏం తల్లీ?"

"'ఎండ రానీ' పాట కింద ఇద్దరు మగవాళ్ళు గుసగుసలాడుతున్నారు. ఒకాయనది లావు గొంతు. రెండో అతను కుర్రాడిలా ఉన్నాడు. ఉత్త చెవితో ఇంతసేపు కుస్తీ పడితే మూడు మాటలు దొరికాయి. 'అటక మీద, బుట్టలో' అట."

చౌడయ్య చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"పనిమాటలైవుంటయ్‌లే."

"పనిమాటలకి గుసగుస దేనికి?" సుప్రజ నవ్వింది. "ఏదో దొంగతనం ఉంది బాబాయ్ ఇందులో. సోమవారం కూర్చుని మొత్తం లాగేస్తా. నేను లాగకపోతే ఇంకొకళ్ళు లాగుతారు. ఆ రోజు నుంచి హాస్టళ్ళన్నిటికీ తెరిచేస్తున్నాం కదా."

తెరవబోతున్నది గొంతుల్ని విడదీసే కొత్త ఏర్పాటు. ఇన్నాళ్ళూ మగ్గం పాటను మాత్రమే వినిపించేది. ఒక దారం ఒక్కటే అయితే దానికి గోల తప్ప ఇంకేమీ తెలియదు. మూడు వందల దారాల్ని పక్కపక్కన పెట్టి చదివితే, ఏ గొంతు ఏ దారానికి ముందు తగిలిందో, ఏ దారానికి తర్వాత తగిలిందో లెక్క తేలుతుంది. దాన్నిబట్టి ఆనాడు వీధిలో ఎవరు ఎక్కడ నిలబడి ఏం మాట్లాడారో తెలుస్తుంది. సోమవారం నుంచి విద్యార్థి ఫోన్లో ఆ వీధి బొమ్మ కనిపిస్తుంది. మనిషికో చుక్క. ఏ చుక్క మీద వేలు పెడితే ఆ గొంతు ఒంటరిగా వినిపిస్తుంది.

చౌడయ్య తిన్నగా వైదేహి మేడమ్ గదికి పోయాడు. ఆమె కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఆహ్వానపత్రాల్లో తప్పులు దిద్దుతోంది.

"మేడమ్, పిల్లలడిగేది పాట. పాట ఇస్తే చాలదా? వీధిలో మాటలన్నీ ఎందుకు?"

"ఏది పాట, ఏది మాట అని గీత గియ్యడానికి నేనెవర్నయ్యా? పాట మధ్యలో ఒకావిడ దగ్గింది. ఆ దగ్గు తీసేస్తే అది ఆ రోజు పాటేనా?"

"ఎవరివో ఇంటి గుట్లు ఉంటయ్ మేడమ్."

"ఉంటాయి. అందుకే కదా ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు తెచ్చావు నువ్వు. వీధిలో మోగిన శబ్దమంతా ఇస్తున్నామని అందులో రాసుంది. చదివి వినిపించిందీ నువ్వే." ఆమె కలం పక్కన పెట్టి అతని మొహం చూసింది. "ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదు మేడమ్."

అసలు ఈ యంత్రానికి మొదలు చౌడయ్య నోటి నుంచి జారిన ఒక మాటే. పదకొండేళ్ళ కిందట పాత టేపులన్నీ బూజు పట్టిపోయాయని మేడమ్ తల పట్టుకు కూర్చున్న రోజున, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ అతనన్నాడు. "మా పేటలో పడుగుకి గంజి ఆరేటప్పుడు గట్టిగా అరవనిచ్చేవాళ్ళు కాదు మేడమ్. దారం బెదురుద్దని. పాట పాడితే మాత్రం ఏమనరు." మేడమ్ టీ తాగడం మానేసి ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. రెండేళ్ళ తర్వాత ఒక దారం మీద వెలుగు పాకినప్పుడు మొదట వినిపించింది పాట కాదు. కోడి. ఎప్పుడో చచ్చి బూడిదైన కోడి కొక్కొరోకో అంటే గదిలో ఉన్న ఐదుగురూ కిటికీలోంచి బయటికి చూశారు.

తెలతెలవారుతుండగా పడుగుని వీధి పొడవునా చాపి, అటూ ఇటూ నిలబడి కుంచెలతో గంజి పట్టిస్తారు. పచ్చి గంజి తడి మీద దారాలు గొంతుల అదురుకి అదురుతాయి. ఎండ పడి గంజి బిగిసేటప్పుడు ఆ అదురు ముడతలు ముడతలుగా దారం మీదే ఆరిపోతుంది. నేసిన చీర నీళ్ళలో పడిందంటే అంతా పోతుంది. కానీ ప్రతి పడుగు చివరా నేతకు అందని మూరెడు కొస మిగులుతుంది. ఊటుపాలెంలో ఆ కొసను పారెయ్యరు. కట్టగా కట్టి, గుంటమగ్గం పైన వాసానికి వేలాడదీస్తారు. తాత కట్టిన కట్ట పక్కన తండ్రిది, దాని పక్కన కొడుకుది. వాటికి నీళ్ళు తగలనివ్వరు. ఆ కట్టల కోసం చౌడయ్య రెండేళ్ళు గడప గడపా ఎక్కాడు. నేతగాళ్ళు ఒక్క షరతు పెట్టారు. "మా పూల అంచులన్నీ మరమగ్గాలోళ్ళు నకలు తీసి మమ్మల్ని ముంచారు. గొంతులు కూడా నకలు తీస్తే ఊరుకోం." అందుకని మగ్గం ఏదీ దాచుకోదు. ఎవరు ఎప్పుడు అడిగినా దారాన్నే చదవాలి. దారం తడిసిందా, అందులో ఉన్నది ఇక ఎక్కడా ఉండదు.

ఈ సంగతి తెలుసు కాబట్టే, కట్టలు పోగుచేసేటప్పుడు చౌడయ్య ఒక పని చేశాడు. తమ ఇంటి వాసం నుంచి నేరేడుపండు రంగు కట్ట ఒకటి విప్పి, పెరట్లో కుడితి తొట్టిలో ముంచి, పిండి, కంపమీద ఆరేసి, తర్వాత అందరి కట్టలతో పాటు తెచ్చి ఇచ్చాడు. అందులో ఇప్పుడేమీ వినపడదు. అలా చేసి, గండం గడిచిందనుకున్నాడు.

అతను మరిచింది ఒకటే. నేతగాడికి పడుగంటే ఎవరి పడుగు వారిదే. పక్కవాడి పడుగుకి చెయ్యి తగిలించడు, వంక పెట్టడు, దాని జోలికే పోడు. ఆ కట్టుబాటు చౌడయ్య నెత్తుట్లో ఉంది. కానీ శబ్దానికి ఆ కట్టుబాటు లేదు. ఆ కట్ట తాలూకు పడుగు చాపిన రోజున వీధిలో రెండు పడుగులు ఉన్నాయి. వాళ్ళది నేరేడు రంగు. బారెడు దూరంలో పక్కింటి సూరమ్మ వాళ్ళది పసుపు. సూరమ్మ పసుపు కట్ట మీద తన చేత్తోనే చీటీ కట్టి తెచ్చాడు చౌడయ్య. 'ఎండ రానీ' పాట ఉన్నది ఆ కట్టలోనే.

*

క్వార్టర్స్‌కి చేరేసరికి తల్లి ఆదెమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చౌడయ్య భార్య కూతురి పురిటికని నెల్లూరు వెళ్ళి నెలయింది. ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరే.

"ఏందిరా మొహం అట్టా ఉంది?"

"ఏం లేదమ్మా. పని."

"ఆ వంకర బల్లలు తుడిచే పనేగా. కొండలు మోసినట్టు చెప్తావ్."

అతను చెప్పులు విప్పి లోపలికి పోయాడు. మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ వరండాలోకి వచ్చాడు. గోడకున్న మేకును కదిలించి చూశాడు. గేటు దాకా పోయి తిరిగొచ్చాడు. ఆదెమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని చూస్తోంది.

"కాళ్ళకింద నిప్పులేమన్నా పోశారా?"

డెబ్భై ఆరేళ్ళ మనిషి. ఒకప్పుడు ఊటుపాలెంలో పడుగు చాపితే మొదటి చరణం ఆమెదే. ఆ చివర నుంచి "ఎండ రానీ" అని అందుకునేది సూరమ్మ. ఒకరు లేకుండా రెండోవాళ్ళు పాడగా ఎవరూ వినలేదు. పక్కపక్క ఇళ్ళు, మధ్యన పిట్టగోడ. ఆ గోడ మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి.

ఇదంతా ఆగిపోయి ముప్పై నాలుగేళ్ళు.

అప్పటికి చౌడయ్యకు ఇరవై. తండ్రి భద్రయ్య షావుకారిచ్చే నూలు, అంచు పట్టుతో కూలికి నేసేవాడు. షావుకారు చెప్పిన అంచు తప్ప నెయ్యకూడదు. భద్రయ్య బుర్రలో వేరే అంచు ఒకటి తిరుగుతూ ఉండేది. కొంగల బారు ఒకటి వంగి మళ్ళీ లేచినట్టుండే అంచు. దానికోసం ప్రతి చీరకూ మిగిలిన పట్టు పోగులు కొన్ని దాచి, కండెలకు చుట్టి, అటక మీద బుట్టలో పెట్టాడు. ఆ కండెలు రాట్నం మీద చుట్టిపెట్టింది సూరమ్మ. ఇంటివాళ్ళు కాక ఆ సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే.

ఒక ఉదయం గంజి ఆరీ ఆరకముందే షావుకారు తిన్నగా వాళ్ళ ఇంట్లో దూరి, అటక మీది బుట్ట తెచ్చి నడివీధిలో బోర్లించాడు. కండెలు దొర్లుకుంటూ పడుగు కిందికి పోయాయి. దొంగ అన్నాడు. భద్రయ్య ఎవరివంకా చూడలేదు. ఆ మధ్యాహ్నమే ఊరు వదిలాడు. సూరత్ నుంచి ఒక కార్డు వచ్చింది. మూడో ఏడు, అక్కడి మిల్లు దగ్గర పోయాడని ఎవరో చెప్పారు.

చెప్పిందెవరు? ఆదెమ్మ వేళ్ళు మడిచి లెక్కేసింది. ఇంటివాళ్ళు ముగ్గురూ పోగా మిగిలింది సూరమ్మ. వీధిలో నిలబడి ఆదెమ్మ ఆమె మూడు తరాలనూ తిట్టింది. దుమ్మెత్తి పోసింది. సూరమ్మ "నేను కాదే ఆదీ" అన్నది ఒక్కసారే. ఆదెమ్మ తలుపేసుకుంది. ఆనాటి నుంచి పాట లేదు, పలుకు లేదు. ఆర్నెల్లకు చౌడయ్యకు విశ్వవిద్యాలయంలో కొలువు వచ్చింది. షావుకారి బావమరిది అక్కడ గుమాస్తా.

ఆ లెక్కలో ఆమె ఆగాల్సిన వేలు తనదేనని చౌడయ్య చెప్పలేదు. షావుకారు తనని గోడకి నొక్కి పెట్టి అడిగాడనీ, భయపడి చెప్పాననీ తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. అలా చెప్పుకుని చెప్పుకుని, ఆ గోడ చల్లదనం కూడా వీపుకు గుర్తుండిపోయింది.

"పిల్లలు నా పాట వింటన్నారంటగా," అంది ఆదెమ్మ ఉన్నట్టుండి. "పాలుపోసే అమ్మాయి చెప్పింది. వాళ్ళ హాస్టల్లో పొద్దున్నే పెడతారంట, నిద్ర లేవడానికి."

"వింటారమ్మా. ఎక్కువ అడిగేది అదే."

"నువ్వెన్నిసార్లు వినిపిస్తానన్నా నేను వద్దన్నా. ఎందుకో తెలుసా?" ఈనెను పటుక్కున విరిచింది. "నా గొంతు వెనక దాని గొంతు ఉంటదిగా. చచ్చినా వినను."

*

ఆదివారం నాదశాలకు సెలవు. తాళాలు చౌడయ్య దగ్గరే ఉంటాయి. ఎండ నడినెత్తి దాటాక తలుపు తీశాడు. చేతిలో మంచినీళ్ళ సీసా.

సుప్రజ శనివారం బిగించిపోయిన పసుపు కట్ట గాజుపెట్టెలో అలాగే ఉంది. పెట్టె మూత ఎత్తి, సీసా బిరడా తీశాడు. గుక్కెడు నీళ్ళు చాలు. దాహమైతే తాగబోయాననీ, చెయ్యి వణికిందనీ చెప్పొచ్చు. యాభై నాలుగేళ్ళవాడికి చెయ్యి వణికితే కాదనేవాళ్ళెవరు?

పలక మీద ఒక పచ్చదీపం వెలిగింది. పక్కన మరొకటి. ఆదివారం, భోజనాలైపోయిన వేళ. మూత తెరిచి ఉన్నా వెలుగు కదిలింది, పసుపు దారాల మీద పాకడం మొదలుపెట్టింది. ఇంకో నాలుగు దీపాలు. ఎవరో విని పక్కవాళ్ళకి చెప్తున్నట్టున్నారు. పదకొండు. పదహారు. అమ్మ గొంతు ఇప్పుడు పదహారు గదుల్లో ఉంది. అతను సీసా వంచితే పదహారు గదుల్లోనూ ఒక్కసారే తెగిపోతుంది. ఆనక ఎవరు అడిగినా రాదు. ఏ ఊళ్ళోనూ, ఏ యంత్రంలోనూ ఉండదు.

సీసా వంగింది. వంగి, నీళ్ళు అంచుదాకా వచ్చి నిలబడ్డాయి. బయట ఎవరిదో స్కూటరు స్టార్టు అవక గురగురమంటోంది.

అతను సీసా కింద పెట్టి, సుప్రజ కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. తెర మీద సోమవారానికి సిద్ధం చేసిన వీధి బొమ్మ ఉంది. రెండు పొడుగాటి గీతలు, పడుగులు. వాటి చుట్టూ చుక్కలు. ఒక్కొక్కటీ ఒక్కో మనిషి. మొదట పాట మొత్తం విన్నాడు.

'దారమా, దారమా, తొందరెందుకే...' అని అమ్మ. ఆ గొంతులో పొద్దున్నే తాగిన చద్దినీళ్ళ చల్లదనం ఉంది. ఆ చివర నుంచి సూరమ్మ 'ఎండ రానీ!' అని అందుకుంటోంది. కుంచెలు ఒక్కసారే సర్రుమంటున్నాయి. 'చెయ్యికి చెయ్యి కలవనీ... ఎండ రానీ! పోగుకి పోగు తెలవనీ... ఎండ రానీ!'

పసుపు పడుగు వెనక, గోడవార రెండు చుక్కలు ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టాడు. పాట అణిగింది. బావిలోంచి తోడినట్టు మాటలు పైకొచ్చాయి.

"ఏరా చౌడా, పొద్దున్నే నాకోసం కాపు కాశావేంది?" షావుకారు.

"మీ బామ్మర్ది యూనివర్సిటీలో గుమాస్తా అంటగా. నాకో నౌకరీ చూడమనండి. ఈ గుంటలో కాళ్ళు పెట్టి బతకలేను."

"ఊరికే చూస్తారంట్రా ఎవరన్నా?"

"ఊరికే ఎందుకు? మీకూ ఒక సంగతి చెప్తాగా. మా నాయన మీ పట్టు దాస్తన్నాడు. అటక మీద, బుట్టలో."

ఆ తర్వాత నవ్వు. కుర్రనవ్వు, గొంతులోనే అణచుకున్న నవ్వు. షావుకారిది కాదు.

చౌడయ్య వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు. గోడకు నొక్కింది లేదు. బెదిరించింది లేదు. కాపు కాసింది తను. మాట మొదలుపెట్టింది తను. నవ్వింది తను. ముప్పై నాలుగేళ్ళు వీపు మీద మోసిన ఆ గోడ చల్లదనం అసలు లేనేలేదు. లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఆ నవ్వు ఉన్నది ఉన్నట్టుగా దారం మీద ఆరి ఉంది, ఆ కోడి కూత ఉన్నట్టే.

సరిగ్గా ఆ నవ్వు వినిపించిన క్షణాన, వీధి అవతలి చివర ఒక చుక్క వెలుగుతూ ఉంది. 'ఎండ రానీ!' సూరమ్మ. షావుకారికి నూరడుగుల దూరంలో, కుంచె చేతపట్టుకుని, పడుగు వదలకుండా. ఆ ఉదయమంతా ఆమె ఆ చివరను దాటి రాలేదని దారాలు మూడు వందలూ చెప్తున్నాయి.

సీసా బిరడా పెట్టి, గాజుమూత వేశాడు. ఇంటికి పోయి తల్లిని ఆటో ఎక్కించాడు. ఎక్కడికని అడిగితే, "రామ్మా" అన్నాడు. ఆదెమ్మ రెండోసారి అడగలేదు.

కుర్చీలో కూర్చోబెట్టి చెవులకు తగిలిస్తే ఆమె చేతులు అడ్డం పెట్టింది. "దాని గొంతు వినను అన్నానా లేదా?"

"దానిది కాదమ్మా. నాది."

విన్నది. వేలితో మళ్ళీ పెట్టమన్నట్టు సైగ చేసింది. రెండోసారి విన్నాక హెడ్‌ఫోన్ తీసి, చీరచెంగుతో తుడిచి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. పరాయివాళ్ళ వస్తువని.

"నవ్వావు గదరా," అంది.

చౌడయ్య తల ఎత్తలేదు.

"భయపడి చెప్పుంటే అదొక దారి. ఆశపడి చెప్పావనుకుందాం, అదీ ఒక దారి. నవ్వావే!" ఆమె గొంతు పెద్దది కాలేదు. "మీ నాయన ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోని, ఎవరు చెప్పారో తెలిసిందా అనడిగాడు. సూరమ్మ అన్నాన్నేను. అది అట్టాంటిది కాదే అన్నాడు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదిరా. నేను నమ్మలా."

గదిలో దీపాలు వెలిగి ఆరుతున్నాయి. ఆదెమ్మ వాటికేసి చూసింది.

"అయ్యేంటి?"

"పిల్లలమ్మా. నీ పాట వింటన్నారు."

"నువ్వు చెప్పిన మాట కూడా వింటారా?"

"రేపటి నుంచి వింటారు."

"విననీ." కొంగు నడుముకు బిగించి లేచింది. "ఊటుపాలేనికి పొద్దున బస్సెన్నింటికి?"

*

సోమవారం ఏడు గంటలకు బస్సు. దానికి ముందు చౌడయ్య నాదశాలకు పోయాడు. సుప్రజ అప్పటికే వచ్చి, మగ్గం చట్రానికి పూలదండ కడుతోంది. తెరవడానికి ఎనిమిదింటికి వైస్‌చాన్సలర్ వస్తున్నాడు.

"తల్లీ, ఆ రెండో మగగొంతుకి పేరు రాశావా?"

"లేదు బాబాయ్. తెలియదు అని పెడదామనుకున్నా."

"రాసుకో. చౌడయ్య. భద్రయ్య కొడుకు. నాదశాల అటెండరు."

పిల్ల చేతిలో దండ జారింది. పట్టుకుంది. అతని మొహం చూసి, ఏదో అడగబోయి మానుకుని, కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేసింది. "వైదేహి మేడమ్‌కి చెప్పనా?" అని మాత్రం అడిగింది.

"చదువుకుంటదిలే. అందరూ చదువుకుంటారు."

బస్సులో తల్లి ఆడవాళ్ళ సీట్లలో కూర్చుంది. గంటన్నర ప్రయాణంలో ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. ఊటుపాలెం వీధిలో ఇప్పుడు పడుగులు చాపేవాళ్ళు లేరు. గంజి పట్టిన పడుగులు మిల్లు నుంచే చుట్టలుగా వస్తున్నాయి. మరమగ్గాల చప్పుడు ఇంటింటా ఒకే తీరుగా టకటకమంటోంది. సూరమ్మ అరుగు మీద కూర్చుని రాట్నం తిప్పుతోంది. బాగా చిక్కిపోయింది. చెయ్యి మాత్రం పాత వేగంతోనే తిరుగుతోంది.

ఆదెమ్మ వీధి మధ్యలో ఆగిపోయింది. ముందుకు రాలేదు. చౌడయ్య ఒక్కడే అరుగు దగ్గరికి పోయాడు.

"పిన్నీ."

సూరమ్మ రాట్నం ఆపలేదు. "ఎవరబ్బా? చౌడయ్యా? దారాలన్నీ పట్టుకుపోయావుగా, ఇంకేం మిగిలిందని వచ్చావు?"

"నీకోటి వినిపించాలి." ఫోన్ తీసి, వీధి బొమ్మ తెరిచి, చెవిలో పెట్టుకునే తీగ ఆమెకు అందించబోయాడు.

"చెవుల్లో తాళ్ళు నాకెందుకురా? నోరు లేదా నీకు? నోటితో చెప్పు."

అతను ఫోన్ చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. నిన్నటి నుంచి అనుకున్నది, మీట నొక్కి పక్కకు జరుగుదామనే. దారమే చెప్తుంది, తను చెప్పక్కర్లేదు అనుకున్నాడు. ఇంత చదువుకున్న యంత్రం ఎదుట ఉండి కూడా ముసలామె నోటి మాట కావాలంటోంది. రాట్నం తిరుగుతోంది. ఒక కండె నిండింది. ఆమె ఇంకొకటి తగిలించింది.

"మా నాయన పట్టు దాచిన సంగతి షావుకారికి చెప్పింది నేను పిన్నీ."

రాట్నం ఆగింది.

"నౌకరీ కోసం చెప్పా. నేనే పోయి చెప్పా. అమ్మ నిన్ను తిడతంటే పక్కనే నిలబడి ఉన్నా."

సూరమ్మ అతనికేసి చూడలేదు. అతని భుజం మీదుగా వీధిలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఒసే ఆదీ!" అంది చివరికి. ఆ కేకకి పక్కింటి మరమగ్గం దగ్గరున్న మనిషి తల బయటికి పెట్టి చూశాడు. "ఎండలో నిలబడ్డావేందే? గడప కనపడట్లా?"

ఆదెమ్మ కాళ్ళు కదిలాయి. అరుగు దాకా వచ్చి, స్తంభం పట్టుకుంది.

"నన్ను తిట్టవే," అంది.

"తిడతా. తిట్టకుండా వదుల్తాననుకున్నావా? ముప్పై నాలుగేళ్ళవి కూడబెట్టా, ఒక్క పూటలో తెమిలేయి కావు. ముందు మంచినీళ్ళు తాగి చావు." లేవబోయి లేవలేకపోయింది సూరమ్మ. ఆదెమ్మ చెయ్యిచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని లోపలికి పోయారు.

చౌడయ్య అరుగు చివర కూర్చున్నాడు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఫోన్ మోగింది. వైదేహి మేడమ్. తీశాడు.

"పేరు చూశాను," అందామె. వెనక చప్పట్లు వినిపిస్తున్నాయి. "తీయించెయ్యమంటే తీయించేస్తా చౌడయ్యా. గంట కూడా కాలేదు. నూట ఇరవై మందే విన్నారు."

"ఉండనియ్యండి మేడమ్."

పొద్దు వాలింది. నాలుగింటి బస్సు ఊళ్ళోకి వస్తూ కొట్టిన హారను వినిపించింది. లేచి, గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, బస్సొచ్చింది" అన్నాడు.

లోపల మాటలు ఆగాయి. గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత తల్లి గొంతు వచ్చింది. అది అతనితో కాదు, సూరమ్మతో.

"వాణ్ణి ఎల్లమనవే."

సూరమ్మ గుమ్మంలోకి వచ్చింది. చెప్పడానికి నోరు తెరిచింది. అతనే తల ఊపాడు.

వీధిలోకి దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో వెనక మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఒకరు కసురుతున్నారు, ఒకరు ఏడుస్తున్నారు. ఏది ఎవరిదో తెలియడం లేదు. అడుగు నెమ్మదైంది. ఇంకాస్త ఆగితే మాటలు తెలిసేవి.

చౌడయ్య ఆగలేదు. బస్సు కదులుతోంది. చెయ్యెత్తి పరిగెత్తాడు.